గుండీ చుట్టూ గీతలు

బల్బు కొనేటప్పుడు డబ్బా మీది అక్షరాలన్నీ చదివే మనిషి కర్నూలు మొత్తానికి నేనొక్కణ్ణే అయి ఉంటాను. మొన్న ఎలక్ట్రికల్ షాపులో అదే జరిగింది. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, డబ్బాను ముక్కు దగ్గరికి తెచ్చుకుని, అడుగున ఉన్న సన్నక్షరాలను కూడబలుక్కుంటున్నాను. షాపాయన విసుగు దాచుకుంటూ, "ఏం చూస్తాండారు సార్? వారంటీ పైన్నే ఉండాది," అన్నాడు.

"డిమ్మరుతో వాడొచ్చా లేదా అని చూస్తాండా."

"మీ ఇంట్లో డిమ్మరు ఉండాదా?"

"లేదు."

ఆయన నా వంక చూసి, తర్వాత నా పక్కన నిలబడిన మా ఆవిడ వంక చూశాడు. "ఆ పిచ్చి ఆయనకు శానా ఏండ్ల నుంచి ఉండాదిలేప్పా, నువ్వు బిల్లు రాయి," అంది మా ఆవిడ.

పిచ్చి కాదు. ఒకప్పుడు డబ్బా చదవకుండా ఒక బల్బు కొన్నందుకు నాకు పడిన సున్నా అది. ఆ సున్నా వేసిన పెద్దాయన పోయి చాలా ఏళ్లయింది. కానీ బల్బు డబ్బా చేతిలోకి వచ్చిందంటే చాలు, ఆయన వచ్చి నా పక్కన నిలబడతాడు. నిలబడి ఊరికే ఉండడు, నా చొక్కా అంచు పట్టుకుని నలుపుతాడు.

ఆయన అలవాటు అది. మనిషిని పలకరించే ముందు ఆ మనిషి వేసుకున్న గుడ్డను పలకరించేవాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చొక్కా అంచు పెట్టి రెండుసార్లు నలిపితే ఆయనకు కావలసిన సంగతులన్నీ తెలిసిపోయేవి. ఆత్మకూరు హైస్కూలుకు సైన్సు టీచరుగా బదిలీ అయి, వాళ్ల ఇంటి ముందు భాగంలో రెండు గదులు బాడుగకు అడగడానికి పోయిన రోజు కూడా ఆయన నా ఊరూ పేరూ అడగలేదు. చొక్కా నలిపాడు. నలిపి, "ఇది మూడు ఉతుకులకు వెలిసిపోతాది అయ్యవారూ. ఎవురు అంటగట్టినారు నీకు?" అన్నాడు.

అది మా మామగారు పెట్టిన పెళ్లి చొక్కా. మా ఆవిడ నా పక్కనే ఉంది. నేను ఓరకంట ఆమె వంక చూశాను. ఆయనకు సంగతి అర్థమైంది, నవ్వు మొదలైంది. ఆయన నవ్వితే శబ్దం రాదు, భుజాలు మాత్రం ఎగురుతాయి. "సరేలేమ్మా, అల్లుడు మంచోడు, గుడ్డదేముండాది," అని మా ఆవిడకు సర్దిచెప్పి తాళంచెవి ఇచ్చాడు. నిజం చెప్పొద్దూ, ఆ చొక్కా రెండో ఉతుక్కే వెలిసిపోయింది.

ఆయనది బట్టలంగడి. చీరలు, పంచెలు ఊళ్లో చాలామంది అమ్మేవాళ్లు. ఆయన పేరు మోగింది మాత్రం జాకెట్టు గుడ్డలకు. నల్లమల అంచు పల్లెల నుంచి కూడా ఆడవాళ్లు పాత పేపరులో చీర చుట్టుకుని బస్సెక్కి వచ్చేవాళ్లు. అంగడిలో తెల్లపరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఆయన ఆ చీర కొంగును ఒళ్లో పరుచుకుని కాసేపు చూసేవాడు. వెనక అరల్లో వందల జాకెట్టు గుడ్డలు. లేచేవాడు కాదు, చెయ్యి వెనక్కి చాపి ఒక్క గుడ్డ లాగేవాడు. అది ఆ చీరతోపాటే నేసినట్టుండేది.

ఎవరైనా "ఎరుపు కావాల" అంటే ఆయనకు చిరాకు.

"ఏ ఎరుపమ్మా?"

"ఎరుపు ఎరుపే కద సామీ."

"మిరప్పండా? కుంకుమా? తడిసిన ఇటుకరాయా? నేరేడు మాగేటప్పుడు ముందొచ్చే ఎరుపా? చీర తేకపోతివి, ఏ ఎరుపో చెప్పలేకపోతివి. నేనెట్ల ఇయ్యాల? పోయి చీర తీసుకరా."

వచ్చిన బేరాన్ని అలా పంపేస్తుంటే పక్కన కూర్చున్న కొడుకు పళ్లు కొరుక్కునేవాడు. ఆమె మాత్రం పోయి చీర తీసుకునే వచ్చేది. గుడ్డ ఇచ్చాక కూడా ఆయన వదిలేవాడు కాదు. "వాకిట్లోకి పోయి పొద్దు వెలుతుర్లో చూసుకో తల్లీ. ఈ ట్యూబులైటు కింద చూసింది చూసినట్లు కాదు. ఇది శానా అబద్ధాలు చెప్తాది," అనేవాడు. కొడుకు ముచ్చటపడి అంగడిలో నాలుగు ట్యూబులైట్లు పెట్టించుకున్నాడు కాబట్టి ఒప్పుకున్నాడు గానీ, ఇంట్లో ఒక్క ట్యూబులైటు పెట్టనివ్వలేదు.

ఇన్ని రంగులు తెలిసిన మనిషి భార్య ఏనాడూ చీరకు కలిసిన జాకెట్టు తొడగలేదు. ఆమెను మేము పెద్దమ్మ అనేవాళ్లం. చిలకపచ్చ చీర మీద వక్క రంగు జాకెట్టు, మెంతిరంగు చీర మీద నీలం. అంగడిలో ఏది మిగిలితే అది. "ఊరందరికీ కలిపి ఇచ్చేటప్పటికే ఆయన కండ్లు అలిసిపోతాయమ్మా. నా దాకా వచ్చేదెప్పుడు?" అని మా ఆవిడతో అని నవ్వేది. ఆ నవ్వులో ఉప్పూకారం రెండూ ఉండేవి.

ఇక ఆ గుండీ సంగతి. వాళ్ల నడిమింట్లో, స్విచ్చిబోర్డు మీద ఫ్యాను రెగ్యులేటరు పక్కనే అలాంటిదే ఇంకొకటి ఉండేది. అది డిమ్మరు. తిప్పితే బల్బు వెలుగు తగ్గుతుంది, పెరుగుతుంది. అలాంటివి పెద్ద పెద్ద హోటళ్లలో ఉంటాయని తెలుసు గానీ ఆత్మకూరులో కిటికీ కూడా లేని నడిమింట్లో ఎందుకో నాకు అంతుపట్టలేదు. ఆయన దాన్ని గుండీ అనేవాడు. బంధువులు వచ్చినప్పుడు ఉక్కపోసి, ఫ్యానుదనుకుని దాన్ని తిప్పేవాళ్లు. గాలి రాదు సరిగదా, ఇల్లు చీకటయ్యేది. "అది గాలిది కాదప్పా, వెలుతురుది," అని ఆయన కూర్చున్నచోటి నుంచే చెప్పేవాడు.

నేనేమనుకున్నానంటే, పిసినారితనం అనుకున్నాను. షావుకారు కదా, కరెంటు ఆదా చేయడానికి బల్బు గొంతు నొక్కుతున్నాడని మా ఆవిడతో అన్నాను కూడా. నాకు నోటి దురుసు కాస్త ఎక్కువ, అందులోనూ అప్పుడు వయసు తక్కువ.

ఒక అమావాస్య సాయంత్రం నీళ్ల మోటారు సంగతి అడగడానికి లోపలికి పోయాను. అమావాస్యకు వాళ్ల అంగడి మధ్యాహ్నానికే మూసేవాళ్లు. పెద్దాయన చాప మీద కూర్చుని ఉన్నాడు. ముందు ఒక బిస్కెట్ల డబ్బా, చాప నిండా అరచేయంత గుడ్డముక్కలు. పెద్దమ్మ గుండీ దగ్గర పీట మీద కూర్చుని ఉంది. బల్బు వత్తి తగ్గించిన లాంతరులా ఉంది.

"ఇంగ రవ్వంత," అన్నాడు ఆయన.

ఆమె గుండీని రవ్వంత తిప్పింది. ఆయన రెండు ముక్కలు తీసి జత చేసి పక్కన పెట్టాడు. మళ్లీ, "ఇంగ రవ్వంత."

"ఏంది పెద్దాయనా ఇది?" అన్నాను.

"పరీక్ష అయ్యవారూ. మీ బళ్లో పిల్లోళ్లకు పెడతారు చూడు, అట్లాంటిదే. రాసేది నేను, దిద్దేది ఈమె."

ఆ రోజు ఆయనే చెప్పాడు. కంటి నరం ఎండిపోతోందట. కుడికన్ను సగం పోయింది, ఎడమది మొదలుపెట్టింది. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది కొన్నాళ్లు నిలబెట్టుకోవడమే అని కర్నూలు డాక్టరు చెప్పి చుక్కల మందు రాసిచ్చాడు. ఆయన బస్సు దిగి నేరుగా ఇంటికి రాలేదు, కరెంటు పనిచేసే మనిషి దగ్గరికి పోయి ఈ డిమ్మరు పెట్టించుకున్నాడు. డబ్బాలో ఇరవై ఒక్క రంగులున్నాయి, రంగుకు రెండేసి ముక్కలు. అన్నీ ఒకదాని పక్కన ఒకటి పెడితే మామూలు మనిషి తికమకపడే రంగులే. ప్రతి అమావాస్యకు గుండీని బాగా తగ్గించి, కొంచెం కొంచెం పెంచుకుంటూ జతలు చేస్తాడు. ఎంత వెలుతురుకు అన్ని జతలూ కుదిరాయో, గుండీ మీది చుక్క ఎక్కడ ఆగిందో, అక్కడ బోర్డు మీద పెన్సిలుతో ఒక గీత గీస్తాడు.

నేను దగ్గరికి పోయి చూశాను. గుండీ చుట్టూ సన్నగా గీతలున్నాయి. గడియారం లెక్కన చెప్పాలంటే మొదటి గీత ఎనిమిది దగ్గరుంది. కొత్త గీత రెండు దాటింది. అయిదు దగ్గర గుండీ ఆగిపోతుంది, అంతకు మించి తిరగదు.

"గీత ఆ కొసకు చేరిన దినం పరుపు దిగుతా," అన్నాడు పెద్దాయన. "అంతవరకు ఎవురు దిగమన్నా దిగను. ఆ పైన ఎవురు ఎక్కమన్నా ఎక్కను."

"కొడుకు ఉండాడు కదా పెద్దాయనా. ఇప్పుడే ఇచ్చేస్తే ఈ పరీక్షలెందుకు?"

"వాడికి వేరే శానా తెలుసు, రంగు తెల్దు. సరే, అదట్లుండనీ." ఆయన ముక్కలన్నీ ఏరి డబ్బాలో వేసుకుంటూ అన్నాడు. "కన్ను పోతాదని కాదప్పా నా భయం. పోయింది తెలీకుండ ఆడనే కూసుంటానేమో అని. ఒకామె నేనిచ్చిన జాకెట్టు తొడుక్కొని పెండ్లికి పోతాది. రంగు తప్పిందంటే నాకేం కాదు, నాకు తెలీను కూడా తెలీదు. నలుగుర్లో నిలబడేది ఆమె."

నేను మోటారు సంగతి అడగకుండానే వెనక్కి వచ్చాను. పిసినారి అన్నందుకు సిగ్గేసింది. ఆ రాత్రి మా ఆవిడ అన్నం పెడుతూ "ఏమైంది?" అంటే ఆమెకూ చెప్పాను.

ఇంత తెలిసినవాణ్ణి నోరు మూసుకుని ఉండాలి కదా. ఉండలేదు. అప్పుడప్పుడే సన్న గొట్టాల పొదుపు బల్బులు ఊళ్లలోకి వస్తున్నాయి. కరెంటు పొదుపు గురించి బడిలో పెద్ద ఎత్తున చెప్పమన్నారు. ఒక్కో టీచరు పది ఇళ్లలో ఒక్కో పాత బల్బయినా మార్పించాలని మా హెడ్మాస్టరు మాట తీసుకున్నాడు. సైన్సు టీచర్ని కాబట్టి అందరికంటే ముందు నేనే ఎగిరాను. తొమ్మిది ఇళ్లు వారంలో అయిపోయాయి. పదోది మా ఓనరుగారి ఇల్లు.

"వద్దులే అయ్యవారూ," అన్నాడు ఆయన. "కొలత మొదలుపెట్టినాక గజంబద్ద మార్చగూడదు."

"మారదు పెద్దాయనా. మీ అరవై బల్బు ఎంత వెలుగిస్తాదో ఇదీ అంతే ఇస్తాది. కాకపోతే నాలుగో వంతు కరెంటుతో ఇస్తాది. వేడి కూడా ఉండదు. వెలుతురు వెలుతురే కదా." క్లాసులో చెప్పినట్టే చెప్పాను. చేతులు కూడా ఊపాను.

ఆయన తలెత్తి బల్బు వంక చూశాడు. "పదిండ్లని మాట ఇస్తివా?"

"ఇచ్చినా."

"అయితే పెట్టు. అయ్యవారి మాట పోగూడదు."

స్టూలు ఎక్కి పాత బల్బు తీసి కొత్తది పెట్టాను. తెల్లగా వెలిగింది. ఆయన గుండీ తిప్పాడు. వెలుగు తగ్గలేదు. బల్బు జుయ్యిమని మోగింది, ఇంకొంచెం తిప్పితే కొట్టుకోవడం మొదలుపెట్టింది, ఇంకా తిప్పితే ఆరిపోయింది. మళ్లీ పెంచితే ఎంతసేపటికో బద్ధకంగా వెలిగింది.

"దీనికి నడిమధ్యన ఏమీ లేదే అయ్యవారూ. వెలగడమో ఆరడమో," అన్నాడు ఆయన.

నా ముఖం మాడిపోయింది. కానీ ఓడిపోయానని ఒప్పుకోవడం నా ఒంట్లో లేదు. "కొసకంటా తిప్పి పెట్టుకోండి పెద్దాయనా. దీన్ని తగ్గించే పని లేదు, ఎట్లున్నా కరెంటు తక్కువే," అన్నాను.

"తగ్గించనీకి కాదు గదప్పా, కొలవనీకి."

"ఒక నెల చూడండి. కుదరకపోతే నేనే మార్చి ఇస్తా."

ఆయన పాత బల్బు తీసి దాచుకున్నాడు. మర్నాడే నేను పదో తరగతి పేపర్లు దిద్దడానికి కడపకు పోయాను. ఆ మధ్యలో అమావాస్య వస్తుందన్న సంగతి నాకు గుర్తే లేదు.

పన్నెండు రోజుల తర్వాత బస్సు దిగి అంగడి ముందు నుంచి వస్తున్నాను. పరుపు మీద కొడుకున్నాడు. పెద్దాయన, గిరాకీలు కూర్చునే బెంచీ మీద, గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఒకామె చీర తీసుకుని ఆయన దగ్గరికే పోయింది. ఆయన కొంగు ముట్టుకోలేదు. "మా వాణ్ణి అడుగు తల్లీ," అన్నాడు. నన్ను చూసి దగ్గరికి పిలిచాడు, నా చొక్కా కూడా నలపలేదు.

"ఏమాయ పెద్దాయనా? ఈడ కూసున్నారే?"

"గీత కొసకొచ్చింది. నిండు వెలుతుర్లో నాలుగు జతలు తప్పినాయి. ఇంగ గీయనీకి చోటు యాడుండాది?" మామూలుగానే చెప్పాడు. అంత మామూలుగా చెప్పడమే నాకు నచ్చలేదు. రెండు దాటిన గీత ఒక్క నెలలో అయిదుకు ఎట్లా వస్తుంది?

ఇంటికి పోతే పెద్దమ్మ వేరే కథ చెప్పింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. కోపమే ఎక్కువ.

"నేను దిద్దినా నాయనా. ఇరవై ఒక్క జతలూ సరిగ్గా ఉండాయి. నా కండ్లతో చూసి సరే అంటి. పొద్దున్నే ఆయన ఆ జతలు అట్లే తీసుకొని వాకిట్లోకి పోయి చూస్తే నాలుగు తప్పినాయి. నేను జాలిపడి అబద్ధం చెప్పినానంట. నలభై ఏండ్లాయ పెండ్లయి, ఒకనాడు ఆ మాట అనలే. ఇప్పుడు నా చేతి కాఫీ కూడా గమ్మున తాగి పోతాడు, మాట్లాడడు."

"మీకు సరిగ్గానే కనపడిందా పెద్దమ్మా?"

"సూదిలో దారం ఎక్కిచ్చి చూపియ్యమంటావా?"

అప్పుడు నా బుర్రకు తట్టింది. ఆయన కన్ను తప్పిందంటే నమ్మొచ్చు. ఈమె కన్ను కూడా అవే నాలుగు జతల దగ్గర తప్పిందంటే, తప్పు కళ్లలో లేదు. పైకి చూశాను. తలుపు దగ్గరి నుంచి పడుతున్న సాయంత్రపు ఎండలో ఆ బల్బు మూడు సన్న గొట్టాలతో వేలాడుతోంది. ఇన్నాళ్లూ దాన్ని బల్బు అనే అనుకున్నాను. అది బల్బు కాదు. ట్యూబులైటు. ట్యూబులైటునే సన్నం చేసి, వంచి, బల్బు హోల్డరులో పట్టేట్టు చేశారు. ఆరేళ్లుగా పిల్లలకు వెలుతురు పాఠం చెబుతున్న నాకు అది తోచలేదు. ఇరవై అడుగుల అవతలి నుంచి ట్యూబులైటు అబద్ధాన్ని పట్టుకునే పెద్దాయనకూ తోచలేదు. నాకు పొగరు అడ్డమొచ్చింది. ఆయన మాత్రం కన్ను పోయే రోజు కోసం అప్పటికే ఎదురుచూస్తున్నాడు, అందుకని వేరే దేన్నీ అనుమానించలేదు.

మా ఆవిడను పిలిచాను. తలుపు మూసి, బల్బు వేసి, ముగ్గురం చాప మీద కూర్చుని జతలు చేశాం. నేను ఆరు తప్పాను. మా ఆవిడ మూడు. పెద్దమ్మ అవే నాలుగు. వాకిట్లో ఎండలో పరిచి చూస్తే వంకాయ రంగు నేరేడుతో కాపురం చేస్తోంది, కుంకుమ ముక్క పోయి ఇటుకరాయి ముక్కతో కూర్చుంది. పెద్దమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని ఆ ముక్కల వంక చూసి, "పిలువు ఆయన్ని," అంది.

అంగడికి పరిగెత్తి పెద్దాయనను దాదాపు లాక్కొచ్చాను. చూపించాను. చెప్పాల్సింది చెప్పాను.

"ఇది ట్యూబులైటా?" అన్నాడు ఆయన.

"ట్యూబులైటే పెద్దాయనా. వంచి పెట్టినారు."

"బల్బంటివే మరి?"

"నేనూ అట్లే అనుకుంటి."

"డబ్బా ఉండాదా?"

ఉంది. మా అటక మీది నుంచి తెచ్చాను. "చదువు," అన్నాడు. చదివాను. పేరు, వాట్లు, ఆదా, అన్నీ పెద్దక్షరాల్లో ఉన్నాయి. అడుగున చీమల బారులా ఇంగ్లీషులో ఒక వాక్యం. దాన్ని తెలుగులో చెప్పాను: డిమ్మరుతో వాడరాదు.

"ఇది చదవకనే తెస్తివా?"

"చదవలే పెద్దాయనా."

"మీ బళ్లో పిల్లోడు ప్రశ్న చదవకుండ జవాబు రాస్తే ఏం చేస్తావు?"

"సున్నా పెడతా."

"పెట్టుకో మరి." భుజాలు ఎగరడం మొదలైంది. మొదట కొద్దిగా, తర్వాత ఆపుకోలేక గోడ పట్టుకున్నాడు. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. ముక్కలన్నీ ఏరి, డబ్బాలో వేసి, ఆయన చేతిలో పెట్టి లోపలికి పోయింది. ఆయన నవ్వు ఆగింది. ఆమె పోయిన వైపే చూస్తూ ఉండిపోయాడు.

ఆ సాయంత్రమే పాత బల్బు పెట్టాను. మళ్లీ పరీక్ష జరిగింది. గీత మూడు దగ్గర పడింది. మర్నాడు పొద్దున ఆయన పరుపు మీద ఉన్నాడు. మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు చేతిలో ఒక పొట్లం ఉంది. పెద్దమ్మ వంటింట్లో ఉంటే ఆ పొట్లం పీట మీద పెట్టి చేతులు కడుక్కోవడానికి పోయాడు. మూడు జాకెట్టు గుడ్డలు. ఆమె రోజూ కట్టే మూడు చీరలకు కొలిచినట్టు కలిసే రంగులు. ఆ చీరల్లో ఒక్కటి కూడా ఆయన అంగడికి తీసుకుపోలేదు, ఉత్త గుర్తుతో తెచ్చాడు. తప్పు ఒప్పుకోవడం అంటే ఆయనకు అంతవరకే వచ్చు. పెద్దమ్మకు అది చాలింది. మా ఆవిడకు చూపించడానికి ఆ పొట్లం పట్టుకుని మా గదుల్లోకి వచ్చినప్పుడు ఆమె ముఖం చూడాలి. "నలభై ఏండ్లకు నా వంతు వచ్చింది," అంది.

నేను హెడ్మాస్టరుకు తొమ్మిది ఇళ్లని రాసిచ్చాను. పదోది ఏమైందని అడిగితే, ఆ ఇంటి యజమానికి నాకంటే సైన్సు ఎక్కువ తెలుసన్నాను.

ఆ తర్వాత రెండేళ్లకు పైగా ఆయన పరుపు మీదే ఉన్నాడు. ఒక్క చీరకూ రంగు తప్పలేదు. ప్రతి అమావాస్యకు నేనూ పోయి ఒక మూల కూర్చునేవాణ్ణి. గీత మూడున్నరకు వచ్చింది, నాలుగుకు వచ్చింది, ఒక వానకాలమంతా నాలుగు దగ్గరే ఆగి మమ్మల్ని ఆశపెట్టింది. తర్వాత మళ్లీ కదిలింది.

ఆఖరి పరీక్ష నాడు పెద్దమ్మ గుండీని కొసకంటా తిప్పి, ఇంక తిరగక చెయ్యి తీసేసింది. ఆయన నింపాదిగా జతలు చేశాడు. ఒక్కో ముక్కను కళ్లకు ఆనించుకుని చూశాడు. ముగించి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

పెద్దమ్మ దిద్దడం మొదలుపెట్టింది. నేనూ చూశాను, తప్పులు నాకూ తెలిశాయి. ఆమె ఆ ముక్కలను చేతిలోకి తీసుకుని, మళ్లీ చాప మీదే పెట్టింది. సరే అంటే సరిపోతుంది. ఇంకో నెల గడుస్తుంది. ఆ మాట ఆమె నోటిదాకా వచ్చిందని నా నమ్మకం.

"రెండు చోట్ల తప్పినాయి," అంది.

"ఏవేవి?"

"వంకాయా నేరేడూ ఒకటి. కుంకుమా మిరప్పండూ ఒకటి."

"నేరేడు ఎప్పుడూ దొంగదే," అన్నాడు ఆయన. లేచి, బోర్డు తడుముకుని, గుండీ కొసన వేలు పెట్టుకుని, ఆ వేలి పక్కన ఆఖరి గీత గీశాడు. గీత వంకర పోలేదు. పెన్సిలు చెవి మీద పెట్టుకుని తిరిగి చాప మీదికి రాబోతూ ఆగాడు.

"అయ్యవారూ, నీ బల్బు ఆ అల్మారా పైన్నే ఉండాల. తీసి పెట్టు."

"ఏ బల్బు పెద్దాయనా?"

"అబద్ధాలది. ఇంగ నాకు కొలిచే పని లేదు. గుండీ ఎట్లాగూ కొసకే ఉంటాది. పదిండ్లని మాటిచ్చి తొమ్మిదితో నిలబడిపోతివి, అదొకటి పూర్తి చేసుకో."

అల్మారా మీద నిజంగానే ఉంది, పాత జాకెట్టు గుడ్డలో చుట్టి, దుమ్ము పడకుండా. స్టూలు ఎక్కాను. స్టూలు కదలకుండా ఆయన ఒక చేత్తో పట్టుకున్నాడు. పాత బల్బు తీస్తే ఒక్క క్షణం చీకటి. కొత్తది తిప్పి పెట్టాను. తెల్లటి వెలుతురు చాప మీద, డబ్బా మీద, పెద్దమ్మ ముఖం మీద పడింది. ఆమె కళ్లు తుడుచుకుంటోంది. చీరకు కలిసిన జాకెట్టు తొడుక్కుని ఉంది. ఆ వెలుతుర్లో అది కలిసినట్టు కనిపించడం లేదు, కానీ కలిసిందని నాకు తెలుసు.

"వెలిగింది పెద్దాయనా," అన్నాను.

"తెలుస్తాండాది. బాగుండాది."

నేను ఇంకా స్టూలు మీదే ఉన్నాను. ఆయన రెండో చెయ్యి పైకి వచ్చి నా చొక్కా అంచు పట్టుకుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రెండుసార్లు నలిపాడు.

"ఇది మంచి గుడ్డ. శానా దినాలు వస్తాది. ఎవురిచ్చినారు?"

"మీ అంగడిదే పెద్దాయనా. పోయిన ఉగాదికి మీరే తీసిచ్చినారు."

"అదీ," అన్నాడు. ఆయన భుజాలు ఎగురుతుంటే స్టూలు కూడా కదిలింది. పడకుండా నేను ఆయన భుజమే పట్టుకుని దిగాను.